శ్రీకాకుళంలో మీ ఊరి ప్రణాళికలో నడకకు, బస్సుకు, చక్రాల కుర్చీకి చోటు రాయించడం ఎలా?

రోడ్డు కావాలని అడగని ఊరు మన జిల్లాలో లేదు. వేసిన రోడ్డు మీద ఎవరు నడవగలుగుతున్నారని అడిగే ఊరు అరుదు. పంచాయతీ ప్రణాళిక పుస్తకం తెరిస్తే సీసీ రోడ్డు, కాలువ, కల్వర్టు అన్న మాటలే ముందు కనిపిస్తాయి. బస్సు ఆగే చోటు, చక్రాల కుర్చీ ఎక్కే వాలు, బడిపిల్లల సైకిళ్లకు నీడ లాంటివి వాటంతట అవి రావు, పట్టుబట్టి రాయించుకోవాలి. ఆ పని ఏ వరసలో చేస్తే నెగ్గుతుందో ఇక్కడ చెబుతున్నాను. మీరు వార్డు సభ్యులు కావచ్చు, పొదుపు సంఘం నాయకురాలు కావచ్చు, దివ్యాంగుల సంఘంలో ఉండవచ్చు, ఏ పదవీ లేకపోవచ్చు. దారి అందరికీ ఒకటే.

ఒక మనిషి, ఒక గమ్యం

"మా ఊరికి రవాణా సౌకర్యం కల్పించగలరు" అని రాస్తే "పరిశీలించి తగు చర్య తీసుకుంటాం" అని జవాబు వస్తుంది. ఆ అర్జీలో పరిశీలించడానికి ఏమీ లేదు మరి. రోడ్డు పేరుతో మొదలుపెట్టకండి. ఎవరు, ఎక్కడికి, ఏ వేళకు చేరలేకపోతున్నారో ముందు తేల్చుకోండి.

ఉద్దానాన్ని తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డయాలసిస్ మీద ఉన్న మనిషి వారానికి రెండు మూడు సార్లు కేంద్రానికి వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటల పాటు మంచం మీద ఉండాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు పది వేల రూపాయల పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. చికిత్సకు మాత్రం మనిషే కదలాలి.

అలాంటి ఒకరి వెంట ఒక రోజంతా తిరగండి. జీడితోటల మధ్య ఇసుక దారిలో ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఎంతసేపు పట్టింది? ఆటో ఎక్కడ దొరికింది, ఎంత తీసుకున్నాడు? తిరుగు ప్రయాణాన్ని ఇంకా జాగ్రత్తగా చూడండి. డయాలసిస్ అయ్యాక చాలామందికి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. ఆ స్థితిలో గేటు బయట ఎండలో, ఆనుకోవడానికి గోడ కూడా లేని చోట, ఆటో నిండే వరకు నిలబడాల్సి వస్తే ఎలా ఉంటుందో మీ కళ్లతో చూస్తారు. అప్పుడు అడగవలసింది తెలిసిపోతుంది: గేటు పక్కన నీడ, చేతులున్న బెంచీ, షిఫ్టు ముగిసే వేళకు కుదిరే ఒక బస్సు. ఇందులో కొత్త రోడ్డు ఊసే లేదు.

ఇలాంటి ప్రయాణాలు ఐదారు రాసుకోండి. గార నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి రావలసిన నెలలు నిండిన గర్భిణి, ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం నుంచి సాయంత్రం ఊరికి వెళ్లవలసిన అమ్మాయి, సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు చక్రాల కుర్చీలో వచ్చే మనిషి, ఆదివారం అరసవల్లి దర్శనానికి బయలుదేరిన డెబ్బై ఏళ్ల పెద్దావిడ. ఒక్కొక్కరికి పట్టిన సమయం, అయిన ఖర్చు, ఎక్కడ ఆగిపోయారన్నది నోటుబుక్కులో గడులు గీసి రాయండి.

ఆడవాళ్ల ఖర్చుకు వేరే గడి పెట్టండి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ప్రయాణం ఉచితం. బస్సే రాని ఊళ్లో ఆ పథకం ఎవరికీ అందదు, సర్వీస్ ఆటోకు ఎప్పటిలాగే చేతి డబ్బు పెట్టాలి. డిపో మేనేజరు ముందు మాట్లాడేటప్పుడు ఈ ఒక్క గడి పది నినాదాల పెట్టు.

టేపు పట్టుకుని నడవండి

కొలత టేపు, ఫోను, సుద్దముక్క చాలు. పెద్ద కమిటీ వేయకండి, కమిటీలు టీ దగ్గర ఆగిపోతాయి. చక్రాల కుర్చీ వాడేవారు ఒకరు, చేతికర్రతో నడిచేవారు ఒకరు, చంకలో బిడ్డ ఉన్న తల్లి ఒకరు, చూపు లేనివారు వస్తే ఇంకా మంచిది. వాళ్లు ముందు నడవాలి, మీరు వెనక కొలవాలి.

ఫుట్‌పాత్‌తో మొదలుపెట్టండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం ఇచ్చిన ప్రమాణం ఐఆర్‌సీ 103. దాని ప్రకారం అడ్డు లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. ఇక్కడ "అడ్డు లేని" అన్నదే ప్రాణం. రెండు మీటర్ల ఫుట్‌పాత్ కట్టి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె నిలబెడితే మిగిలేది ముప్పావు మీటరు. చక్రాల కుర్చీ దూరడానికి 90 సెంటీమీటర్లైనా కావాలి. కాబట్టి ఫుట్‌పాత్ వెడల్పు ఎంత ఉందని కాదు, అతి ఇరుకైన చోట ఎంత మిగిలిందన్నది రాయండి.

మన పట్టణాల్లో చాలా చోట్ల ఫుట్‌పాత్ అంటే కాలువ మీద పరిచిన సిమెంటు పలకలే. అక్కడ వంగి చూడండి. పలకకూ పలకకూ మధ్య సందు అర అంగుళం దాటితే కర్ర మొన దిగబడుతుంది, కుర్చీ ముందు చక్రం అడ్డం తిరుగుతుంది. పలకను ఎత్తడానికి వదిలిన ఇనుప కొక్కెం పైకి లేచి ఉంటే చీర అంచు దానికే తగులుకుంటుంది. పూడిక తీసి మళ్లీ వేయకుండా వదిలేసిన పలక ఎక్కడ ఉందో సుద్దతో గుర్తు పెట్టి ఫోటో తీయండి. అదే చోటుకు రాత్రి మళ్లీ వెళ్లి, వీధిదీపం వెలుగు ఆ గుంట మీద పడుతోందో లేదో చూడండి. పగటి ఫోటో పక్కన రాత్రి ఫోటో పెడితే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారికి వేరే వివరణ అక్కర్లేదు.

ర్యాంపు లెక్క గుర్తుంచుకోండి: ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు. 15 సెంటీమీటర్ల అంచు ఎక్కడానికి 1.8 మీటర్ల వాలు కావాలి. నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున్న సచివాలయం అరుగుకు 7.2 మీటర్లు కావాలి. మూడడుగుల సిమెంటు ముద్ద వేసి ర్యాంపు అని ఫోటో పెట్టి బిల్లు చేసుకున్న చోట్లు మీకే కనిపిస్తాయి. దాని మీద కుర్చీ ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే వెల్లకిలా పడుతుంది.

పల్లెల్లో చూడవలసింది సీసీ రోడ్డు అంచు. పాత రోడ్డు మీదే కొత్త పొర వేసి, పక్కన బెర్ములు, అంటే రోడ్డు అంచును ఆనుకుని ఉండే మట్టి భాగం, మట్టితో నింపకుండా వెళ్లిపోతారు. జానెడు ఎత్తున నిలువు అంచు మిగులుతుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే సైకిల్ మీద ఉన్న పిల్ల దిగలేదు, మూడు చక్రాల బండి అసలే దిగలేదు. బెర్ములు నింపించడం చాలా చవకైన పని. అంచనాలో రాయించకపోతే అది ఎప్పటికీ జరగదు.

కూడళ్లలో కాలం కొలవండి. ఆరోగ్యంగా ఉన్న మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్కవేస్తారు. పన్నెండు మీటర్ల రోడ్డు దాటడానికి అతనికి పది సెకన్లు పడుతుంది. కర్రతో నడిచేవారు సెకనుకు 0.8 మీటరు నడిచినా పదిహేను సెకన్లు కావాలి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సాయంత్రం బడి వదిలే వేళ నిలబడి, రెండు బండ్ల మధ్య పదిహేను సెకన్ల ఖాళీ ఎన్నిసార్లు దొరికిందో ఫోనులో చూసి రాసుకోండి. నాగావళి వంతెనల మీద కూడా ఇదే వేళ నడిచి, మనిషికి మిగిలిన వెడల్పు కొలవండి.

బస్ స్టాపు దగ్గర గమనించవలసిన సంగతి ఒకటుంది. బస్సు ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగితే మెట్టు అందుతుంది. ముందు ఆటోలు నిలబడి ఉండటం వల్ల రోడ్డు మధ్యలో ఆగితే అదే మెట్టు మోకాలి ఎత్తుకు పోతుంది. బస్సు పాతదని తిట్టే ముందు స్టాపు ఎదుట పదిహేను మీటర్లు ఖాళీగా ఉంచే గీత, దాన్ని అమలు చేసే మనిషి అడగండి. షెల్టర్ల మీద దాత పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఏ బస్సు ఎన్ని గంటలకో చెప్పే పలక ఉండదు. ఆ పలకను కూడా జాబితాలో చేర్చండి.

ఆ చోటు ఎవరిది?

సగం అర్జీలు తప్పు ఆఫీసుకు వెళ్లి చస్తాయి. 16వ నంబరు జాతీయ రహదారి జాతీయ రహదారుల సంస్థది. పెద్ద జిల్లా రోడ్లు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖవి. ఊళ్లను కలిపేవి చాలావరకు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. పట్టణంలో లోపలి వీధులు నగరపాలక సంస్థవి లేదా మున్సిపాలిటీవి. కరెంటు స్తంభం జరపాలంటే విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్. బస్సు వేళలు ఆర్టీసీ డిపోవి. సందేహం ఉంటే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని, ఊళ్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను అడగండి.

చిక్కంతా ఒకే చోట నలుగురు యజమానులు ఉన్నప్పుడు. జిల్లా కేంద్రానికి రైలు స్టేషన్ ఆమదాలవలసలో, ఊరికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉంది. పేరు శ్రీకాకుళం రోడ్, పేరులోనే దూరం ఉంది. రాత్రి రైలు దిగిన వలస కూలీ కుటుంబం పిల్లలతో, మూటలతో ఊరికి చేరాలంటే ప్లాట్‌ఫారం రైల్వే చేతిలో ఉంది, బయట రోడ్డు మరొకరిది, వీధిదీపాలు మున్సిపాలిటీవి, బస్సు ఆర్టీసీది. ఎవరికి విడిగా రాసినా "మా పరిధిలో లేదు" అన్న మాట సరిగ్గానే ఉంటుంది. ఇలాంటి చోటుకు కలెక్టర్‌కు ఒకే అర్జీ పెట్టి అన్ని శాఖల సంయుక్త తనిఖీ కోరండి. జాతీయ రహదారి దాటే చోట్లకైతే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సరైన వేదిక.

ఏ పుస్తకంలో, ఎప్పుడు

పల్లెలో మీ పుస్తకం గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. దాని తయారీ ప్రచారం ఏటా అక్టోబరు 2న మొదలవుతుంది. గ్రామసభ రోజున లేచి చెప్పడం కన్నా, అంతకు రెండు వారాల ముందే పంచాయతీ కార్యదర్శికి కాగితం ఇచ్చి అజెండాలో పెట్టించడం మేలు. సభలో చెప్పిన మాట గాలికి పోతుంది, అజెండాలో ఉన్నది మినిట్స్‌లోకి, అంటే సభ రికార్డులోకి వస్తుంది.

పట్టణంలో ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, పనుల జాబితా అంతకు నెలల ముందే గట్టిపడుతుంది. మార్చిలో వెళ్తే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. దీపావళి లోపు మీ కొలతల కాగితం కమిషనర్ టేబుల్ మీద ఉండాలి. ఇది మా పని కాదని ఎవరైనా అంటే రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు చూపించండి. పట్టణ ప్రణాళిక, రోడ్లు, వంతెనలతో పాటు వీధిదీపాలు, పార్కింగ్, బస్ స్టాపులు కూడా పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల్లో ఉన్నాయి. దివ్యాంగులతో సహా బలహీన వర్గాల ప్రయోజనాలు కాపాడటం కూడా ఆ జాబితాలోనే ఉంది.

మాస్టర్ ప్లాన్ వేరు. శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. జనం ఆ పటంలో తమ స్థలం మీదుగా రోడ్డు పోతుందా అని మాత్రమే వెతుకుతారు. మీరు ఇంకొకటి వెతకండి: కొత్త లేఅవుట్లు, కాలేజీలు, ఆసుపత్రులు ఉన్న రంగుల పక్కన బస్సు తిరిగే దారి ఉందా? అర కిలోమీటరు లోపు స్టాపు పెట్టే వీలుందా? బస్సు చేరని చోట ఆసుపత్రిని ఒకసారి కట్టేశాక పాతికేళ్ల పాటు ఆటో ఖర్చు రోగి భరిస్తాడు.

కొండ పల్లెలకు అసలు రోడ్డే లేకపోతే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశ ఉంది, 2024-25 నుంచి 2028-29 వరకు. మైదానంలో 500 జనాభా, ఐదో షెడ్యూలు (గిరిజన) ప్రాంతాల్లో 250 అన్నది లెక్క, అదీ 2011 జనగణన ప్రకారం. మందస, మెళియాపుట్టి వైపు మీ పల్లె షెడ్యూల్డ్ ఏరియా జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, మీ వాదనంతా దాని మీద ఆధారపడుతుంది.

వాక్యం ఇలా ఉండాలి

తీర్మానంలోకి ఎక్కే వాక్యాన్ని మీరే రాసి ఇవ్వండి. నమూనా ఇది, అంకెలు మీవి వేసుకోండి:

"ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు కూడలి నుంచి ఆసుపత్రి ప్రధాన గేటు వరకు ఎడమవైపున 300 మీటర్ల మేర 1.8 మీటర్ల అడ్డు లేని నడకదారి ఏర్పాటు చేయాలి. పాడైన 12 కాలువ పలకలు మార్చాలి. దారికి అడ్డుగా ఉన్న రెండు స్తంభాలు జరపాలి. రెండు చివరలా 1:12 వాలు, గేటు పక్కన నీడ, చేతులున్న రెండు బెంచీలు, బస్సు వేళల పలక ఉండాలి. అంచనా ఈ నెలాఖరులోగా తయారు చేయించి, వచ్చే ఆర్థిక సంవత్సరం పనుల్లో చేర్చాలి."

ఇందులో "సుందరీకరణ" అన్న మాట రాకుండా చూసుకోండి. ఆ మాట వస్తే డబ్బు రంగు టైల్స్‌కు, లైట్ల కమానులకు పోతుంది, వాన పడ్డాక ఆ టైల్స్ మీద ముసలివాళ్లు జారిపడతారు. అంచనా వేయించే పని ఏఈతో చేయించండి. అంచనా లేని తీర్మానానికి నిధులు రావు.

చట్టం ఎప్పుడు తీయాలి

మొదటి కాగితంలో చట్టం బెదిరింపుగా కాక ఆధారంగా ఉండాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 41వ సెక్షన్ బస్ స్టాపులు, స్టేషన్లు, టికెట్ కౌంటర్లు, మరుగుదొడ్లు అందుబాటులో ఉండేలా చూడమంటుంది. 44వ సెక్షన్ ప్రకారం ప్రమాణాలు పాటించని భవనం ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు. ఈ ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నిబంధనలు తేవాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో చెప్పింది. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని 2025 మేలో అదే కోర్టు మరో కేసులో చెప్పింది. ఒక అర్జీకి వీటిలో ఒకటి చాలు. నాలుగూ కలిపి రాస్తే ఫైలు లీగల్ సెక్షన్‌కు వెళ్లి అక్కడే ఉండిపోతుంది.

అడ్డు చెప్పేవాళ్లతో

ఫుట్‌పాత్ అడగగానే మొదట భయపడేది తోపుడుబండి వాళ్లు. వాళ్లను ఖాళీ చేయించమని రాయకండి, అది న్యాయమూ కాదు, తెలివీ కాదు. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె కూర్చున్న మూలలోనే రాత్రి ఎనిమిది తర్వాత ఆడవాళ్లు ధైర్యంగా బస్సు కోసం నిలబడతారు. వీధి వ్యాపారుల చట్టం 2014 ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలి. ఆ కమిటీలో కూర్చుని, నడకకు 1.8 మీటర్లు వదిలి మిగిలిన చోట గీత గీయమనండి. ఆటోవాళ్లకు స్టాపు దాటాక స్టాండు చూపించమని అడగండి. గట్టిగా ఎదురు తిరిగేది మెట్లు, షట్టరు రోడ్డు మీదకు తెచ్చుకున్న దుకాణాల వాళ్లు. వాళ్ల సంగతి టౌన్ ప్లానింగ్ వాళ్లకు వదిలేయండి, మీరు గొడవకు దిగితే పని పక్కదారి పడుతుంది.

తీర్మానం తర్వాత

మినిట్స్ నకలు తీసుకోండి. రెండు నెలల్లో కదలిక లేకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టి నంబరు రాసుకోండి. ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, దానికి జవాబు ఇవ్వనక్కర్లేదంటారు. అంచనా నకలు, మంజూరు ఉత్తర్వు, పని అప్పగించిన తేదీ అడగండి.

పని మొదలైన రోజు ఆ చక్రాల కుర్చీ మనిషిని మళ్లీ పిలవండి. సిమెంటు ఆరకముందే వాలు కొలవాలి, ఆరాక పగలగొట్టించడం అయ్యే పని కాదు. తుది బిల్లుకు ముందు ఏఈ ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కిస్తారు. ఆ లోపే మీ కొలతలు, ఫోటోలు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కాంట్రాక్టు ఒప్పందంలో లోపాలు సరిచేయవలసిన గడువు ఎంత ఉందో అడిగి తెలుసుకుని, ఆ గడువు తీరే నెలను క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. దానికి నెల ముందు ఒకసారి అదే దారిలో నడిచి, కదులుతున్న పలకలు ఎన్నో రాసి పంపండి.